పంట కోయక ముందే ధర తెలియాలి

(మన సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీమ్.



ప్రతి ఏడాది ఈ సమావేశంలో రేషన్ కిట్ల లెక్క, విద్యార్థుల ఫీజుల లెక్క, వైద్య సహాయం లెక్క మీ ముందు పెడుతున్నాం. ఈ ఏడాది లెక్కలు కూడా ఇదే సంచికలో వేరే పేజీల్లో ఉన్నాయి. ఈసారి మాత్రం చేవెళ్ళ, మొయినాబాద్ మండలాల్లో తిరిగినప్పుడు మేము తెలుసుకున్న ఒక విషయం మీతో చెప్పుకోవాలని వచ్చాం. అది కూరగాయల ధర గురించి. సేవా సంస్థకు కూరగాయల ధరతో ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మొదట్లో మాకూ అలాగే అనిపించింది.

రమజాన్ మాసంలో మొయినాబాద్ వైపు ఒక ఊళ్ళో రేషన్ కిట్లు పంచుతున్నాం. వరుసలో ఒక తల్లి నిలబడింది. భర్త లేడు. అర ఎకరం కౌలుకు తీసుకుని పుదీనా, కొత్తిమీర వేస్తుంది. కిట్ తీసుకుని వెళ్ళిపోకుండా మా వాళ్ళను ఒక మాట అడిగింది. "బేటా, పట్నంలో పుదీనా కట్ట ఎంతకు అమ్ముతున్నరు?" మా కార్యకర్త ముందు రోజు మెహదీపట్నంలో ఇంటికి కొన్న ధర చెప్పాడు. ఆమె కాసేపు మాట్లాడలేదు. నాలుగు రోజుల కింద మడి మొత్తం గుత్తకు అమ్మేసిందట. కట్టల లెక్క వేస్తే కట్టకు రెండు రూపాయలు కూడా పడలేదు.

కొన్న వ్యాపారి మోసం చేశాడని మేము అనడం లేదు. కోత కూలి, ఆటో కిరాయి, వాడిపోయే సరుకు, దుకాణం ఖర్చు అన్నీ అతనివే. కానీ ఒక్క మాట మమ్మల్ని వదల్లేదు. ఆమెకు నాలుగు రోజుల ముందు ధర తెలిసి ఉంటే, ఆ రోజు మన వరుసలో నిలబడే అవసరం ఆమెకు ఉండేదా? మనం ఇచ్చిన కిట్ విలువ కన్నా ఆమె పోగొట్టుకున్నది ఎక్కువ. ఒక చేత్తో పోయినదానిలో కొంచెం మనం ఇంకో చేత్తో ఇచ్చాం. అంతే.

పట్నానికి దగ్గర, ధరకు దూరం

చేవెళ్ళ, మొయినాబాద్ ఎక్కడో మారుమూల లేవు. బీజాపూర్ రోడ్డు మీద, మర్రిచెట్ల నీడలో బస్సు ఎక్కితే మొయినాబాద్ దాటి, అజీజ్‌నగర్ దాటి, లంగర్‌హౌజ్ మీదుగా మెహదీపట్నం చేరతాం. రైతుబజారు అక్కడే ఉంది. గుడిమల్కాపూర్ పూల మార్కెట్టు ఆ పక్కనే. సికింద్రాబాద్ వైపు వెళితే బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్టు. ఈ రెండు మండలాల టమాట, క్యారెట్, బీట్‌రూట్, ఆకుకూరలు, బంతి, చామంతి, గులాబీ అన్నీ ఈ దారినే పట్నానికి వస్తాయి.

ఒక విచిత్రం చూడండి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల రక్షణకు 1996లో 84 గ్రామాలకు వర్తించేలా 111 జీవో వచ్చింది. 2022లో ఆ ఆంక్షలు తీసేస్తూ ప్రభుత్వం ఇంకో జీవో ఇచ్చింది. ఆ కబురు ఒక్క రోజులో ఊరూరా తెలిసిపోయింది. ఈ రోజు మొయినాబాద్‌లో ఎకరం ధర ఎంత అని అడిగితే చాయ్ హోటల్లో పిల్లవాడు కూడా చెబుతాడు. అదే ఊళ్ళో రేపు పొద్దున టమాట బాక్సు ఎంత పలుకుతుందని అడిగితే, టమాట పండించిన మనిషే చెప్పలేడు. భూమి ధర చెప్పేవాళ్ళు గల్లీకి నలుగురున్నారు. పంట ధర చెప్పేవాడు మాత్రం, చాలాసార్లు, ఆ పంట కొనేవాడు ఒక్కడే.

సమాచారం లేదా అంటే, ఉంది. కేంద్ర వ్యవసాయ శాఖ అగ్‌మార్క్‌నెట్ పేరుతో 2000 సంవత్సరం నుంచి దేశంలోని మార్కెట్ల ధరలు ఇస్తోంది. 2004లో కిసాన్ కాల్ సెంటర్ మొదలైంది. 1800-180-1551 నంబరుకు ఉదయం 6 నుంచి రాత్రి 10 వరకు ఖర్చు లేకుండా ఫోన్ చేసి తెలుగులో అడగవచ్చు. 2016 ఏప్రిల్ 14న ఈ-నామ్ వచ్చింది. మన రాష్ట్రంలో నిజామాబాద్ పసుపు రైతులకు దాని సంగతి బాగా తెలుసు. 1999 జనవరిలో మొదలైన రైతుబజార్లలో ప్రతి పొద్దున బోర్డు మీద ధర రాస్తారు. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో మార్కెట్ పరిశోధన కేంద్రం విత్తనం వేసే ముందే కొన్ని పంటల ధర అంచనాలు చెబుతుంది. రాష్ట్రమంతటా 2,601 రైతువేదికలు కట్టారు. వ్యవసాయ విస్తరణ అధికారులు అక్కడ అందుబాటులో ఉంటారు.

మరి ఇవన్నీ ఉండగా ఆ తల్లికి పుదీనా ధర ఎందుకు తెలియలేదు? ఈ ప్రశ్న పట్టుకుని మేము తెల్లవారుజామున మార్కెట్లకు వెళ్ళాం. రైతుల దగ్గర కూర్చున్నాం. వ్యాపారులతోనూ మాట్లాడాం. మాకు మూడు కారణాలు కనిపించాయి.

ఆలస్యం, లెక్క, అప్పు

మొదటిది ఆలస్యం. టమాట రైతు రేపటి కోత గురించి ఈ రోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు నిర్ణయించుకోవాలి. కూలీలను పిలవాలి, ఆటో మాట్లాడాలి. హర్రాజు మాత్రం రేపు తెల్లవారుజామున జరుగుతుంది. ఆ ధర వెబ్‌సైటులోకి ఎక్కేసరికి సరుకు అమ్ముడుపోయి ఉంటుంది. కోసిన టమాటకు, కట్టిన కొత్తిమీరకు, తెంపిన పూలకు వెనక్కి వెళ్ళే దారి లేదు. మార్కెట్టు గేటు దాటిన తర్వాత ధర తెలిస్తే బాధపడటానికే పనికొస్తుంది, బేరం చేయడానికి కాదు.

రెండోది లెక్క. ప్రభుత్వం ఇచ్చే ధర క్వింటాలుకు ఉంటుంది. అందులో కనిష్ఠం, గరిష్ఠం, ఎక్కువ సరుకు అమ్ముడుపోయిన ధర అని మూడు అంకెలుంటాయి. రైతు లెక్క బాక్సుల్లో ఉంటుంది. పేపర్లో గరిష్ఠ ధర చూసి ఆశపడి వచ్చి, మార్కెట్లో కనిష్ఠ ధర దొరికి, మోసపోయామని అనుకుని వెళ్ళినవాళ్ళున్నారు. అందులో కొంత సరుకు రకం తేడా, కొంత ఖర్చుల తేడా.

ఊహకు ఒక లెక్క చెబుతాం. దగ్గరి మార్కెట్లో 25 కిలోల టమాట బాక్సు 250 రూపాయలు, పట్నంలో 350 అనుకుందాం. దగ్గరి మార్కెట్లో ఖర్చులు 15 పోతే చేతికి 235. పట్నానికి ఆటో కిరాయి 1,200 రూపాయలు. 40 బాక్సులు తీసుకెళితే బాక్సుకు 30 పడుతుంది. కమీషన్, హమాలీ కలిపి ఇంకో 30. చేతికి 290 మిగులుతుంది. అంటే బాక్సుకు 55 లాభం, 40 బాక్సులకు 2,200. అదే ఆటోలో ఒక్క రైతు నాలుగు బాక్సులే తీసుకెళితే కిరాయే బాక్సుకు 300 అవుతుంది. చేతికి 20 రూపాయలు. ధర ఒక్కటే, మార్కెట్టు ఒక్కటే. పదిమంది చిన్న రైతులు కలిసి వెళితే లాభం, ఒక్కడు వెళితే నష్టం. కాబట్టి ధర చెబితే చాలదు, ఖర్చు తీసేసి చేతికి ఎంత వస్తుందో చెప్పాలి. కలిసి వెళ్ళే దారి కూడా చూపాలి.

పత్తి రైతు సంగతీ ఇంతే. మద్దతు ధర ఎంతో అతనికి తెలుసు. పొడవు పింజ పత్తికి 2024–25లో క్వింటాలుకు 7,521 రూపాయలు, 2025–26లో 8,110. కానీ పత్తిలో తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుందని, 12 దాటితే సీసీఐ కొనదని ట్రాక్టరు ఎక్కించే ముందు చెప్పేవాడు కావాలి. రెండు రోజులు ఎండలో ఆరబెడితే పోయేదానికి, కొనుగోలు కేంద్రం దాకా వెళ్ళి తిరిగి వచ్చి, దారిలో ఎంతకో అంతకు అమ్ముకున్నవాళ్ళను చూశాం.

మూడోది అప్పు. ఇది అన్నింటికన్నా పెద్దది. చేవెళ్ళ దగ్గర ఒక రైతుకు మా వాళ్ళు ఉత్సాహంగా ఫోన్లో ధరలు చూపించారు. ఆయన నవ్వి అన్న మాట ఇది. "ధర తెల్వక కాదు సార్. నారుకు, మందులకు పైసలు తీసుకున్నం కదా. ఆయన దగ్గరికి కాక వేరే దగ్గరికి ఎట్ల పోతం?" విత్తనానికి, ఎరువుకు, పిల్ల పెళ్ళికి ముందే డబ్బు తీసుకున్న రైతు తన పంటను ఆ కమీషన్ ఏజెంటుకే తేవాలి. పక్క దుకాణంలో ఎక్కువ పలికినా అటు చూడకూడదు. చేతులు కట్టేసిన మనిషికి ధరల పట్టిక చూపిస్తే ఏం లాభం?

బయటి అనుభవాలు కూడా ఇదే చెబుతున్నాయి. 1997 నుంచి 2001 మధ్య ఉత్తర కేరళ తీరానికి సెల్‌ఫోన్లు వచ్చాయి. చేపలు పట్టినవాళ్ళు సముద్రం మీది నుంచే ఫోన్ చేసి, ఏ ఒడ్డున ధర ఉందో తెలుసుకుని పడవ అటు తిప్పారు. ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సెన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం వాళ్ళ లాభం సుమారు 8 శాతం పెరిగింది, కొనేవాళ్ళకు ధర సుమారు 4 శాతం తగ్గింది, కొనే దిక్కులేక చేపలు పారబోయడం దాదాపు ఆగిపోయింది. అమ్మేవాడికీ మేలు, కొనేవాడికీ మేలు. తర్వాత మహారాష్ట్రలో రైతులకు మెసేజ్‌ల ద్వారా ధరలు పంపి పరిశీలిస్తే, వాళ్ళు పొందిన ధరలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. దీనికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. మాకు అర్థమైంది ఒకటి. పడవ తిప్పుకోగలిగినవాడికే కబురు పనికొస్తుంది.

మన ధర్మం ఏమంటుంది

మిత్రులారా, ఇది మనకు కొత్త విషయం కాదు. దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) స్వయంగా వ్యాపారం చేసినవారు, మదీనాలో బజారును చూసినవారు. ఎడారి దాటి సరుకు తెచ్చే బిడారులకు ఊరి బయటే ఎదురెళ్ళి, వాళ్ళకు బజారు ధర తెలియక ముందే సరుకు కొనడాన్ని ఆయన నిషేధించారు. సహీహ్ బుఖారీలోనూ, సహీహ్ ముస్లింలోనూ ఈ హదీసులున్నాయి. అలా అమ్మినవాడు బజారుకు వచ్చి అసలు ధర తెలుసుకుంటే ఆ బేరం రద్దు చేసుకునే హక్కు కూడా ఉందని సహీహ్ ముస్లింలో ఉంది. కొనే ఉద్దేశం లేకుండా వేలంలో ధర పెంచడాన్నీ, సరుకు లోపం దాచడాన్నీ ఆయన వారించారు.

ఇంకో సంగతి గమనించండి. ధరలు పెరిగినప్పుడు, మీరే ధర నిర్ణయించండని ప్రజలు కోరితే ఆయన ఒప్పుకోలేదు. ధర నిర్ణయించడానికి నిరాకరించినవారే ధర దాచడాన్ని మాత్రం సహించలేదు. అంటే బేరం స్వేచ్ఛగా జరగాలి, కానీ ఇద్దరికీ తెలిసి జరగాలి. పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ ఊరి బయటి దారి, ఈ రోజు మొయినాబాద్ పొలం గట్టు ఒకటే.

మన దాతల్లో పండ్లు, కూరగాయల వ్యాపారులున్నారు. హోటళ్ళు నడిపేవాళ్ళున్నారు. ఈ మాటలు మీ మీద నింద కాదు. చెప్పా పెట్టకుండా ఒకేరోజు మార్కెట్టు నిండా సరుకు దిగితే మీరూ నష్టపోతారు. 2023లో టమాట కిలో వంద రూపాయలు దాటింది. తర్వాత కోత కూలి కూడా రాని ధరకు పడిపోయింది. ఆ ధర చూసి అందరూ టమాటే వేయడం దీనికి ఒక కారణం. అప్పుడు సుఖపడింది ఎవరు? కబురు రెండు వైపులా నడవాలి. ఏ రోజు ఎంత సరుకు వస్తుందో వ్యాపారికి తెలియాలి, ఏ రోజు ఎంత కావాలో రైతుకు తెలియాలి.

ఇక్కడ మన దగ్గరే ఉన్న ఒక సమాచారం గురించి చెప్పాలి. రమజాన్‌లో హైదరాబాద్‌లో హలీమ్‌కు, బిర్యానీకి, ఇఫ్తార్‌కు పుదీనా, కొత్తిమీర, ఉల్లి, నిమ్మ ఎంత ఖర్చవుతాయో మనకన్నా ఎవరికి తెలుసు? ఆ నెల ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2023లో మార్చి 24న మొదలైంది, 2024లో మార్చి 12న, 2025లో మార్చి 2న. కొత్తిమీర నలభై రోజుల పంట. ఎప్పుడు విత్తితే రమజాన్‌కు అందుతుందో చెప్పే కాగితం ఒకటి మనం ఏటా ముందుగా ఇస్తే చాలు. బక్రీద్‌కు పొట్టేళ్ళు పెంచే గొల్ల కురుమ సోదరులకూ, పెళ్ళిళ్ళ సీజనుకు, ఉర్సులకు పూలు పండించేవాళ్ళకూ ఇదే మాట. మన పండుగలు ఎప్పుడొస్తాయో పొరుగువాడికి చెప్పడం కూడా సదఖాయే.

మిమ్మల్ని కోరేది

ఈ ఏడాది చేవెళ్ళ, మొయినాబాద్‌లలో నాలుగు పనులు మొదలుపెట్టాలని సంకల్పించాం.

మొదటిది, సాయంత్రం ధర. ఒక్కో మండలానికి చదువుకున్న యువకుడినో యువతినో గౌరవ వేతనం మీద పెడతాం. వాళ్ళు రోజూ బోయిన్‌పల్లి, గుడిమల్కాపూర్, మెహదీపట్నం, దగ్గరి మార్కెట్ల ధరలు కనుక్కుని, కిరాయి, కమీషన్ తీసేసి, బాక్సుకు, కట్టకు, కిలోకు చేతికి ఎంత వస్తుందో లెక్కగడతారు. అసర్ నమాజుకు ముందే బోర్డు మీద రాస్తారు. చదువురానివాళ్ళ కోసం తెలుగులోనూ ఉర్దూలోనూ ఫోన్లో మాటగా పంపుతారు. బోర్డు అందరూ నడిచే చోట ఉంటుంది. మతం, కులం చూడకుండా ప్రతి రైతుకూ ఇది చెందుతుంది.

రెండోది, కలిసి ఆటో. నాలుగు బాక్సుల రైతులు పదిమందిని కలిపి ఒక ఆటో మాట్లాడటం. దీనికి డబ్బు కన్నా మనిషి కావాలి.

మూడోది, తక్‌పట్టీ అలవాటు. తూకం, ధర, కోతలు రాసిన చీటీ ప్రతి అమ్మకానికీ అడిగి తీసుకోవాలని రైతులకు చెబుతాం. మన వ్యాపారి దాతలను మాత్రం, రైతు అడగక ముందే ఇవ్వమని కోరుతున్నాం.

నాలుగోది, ఖర్జె హసన్. వడ్డీ లేని అప్పు. నారు, ఎరువుల వరకు సరిపడా చిన్న మొత్తం ఇచ్చి, పంట అమ్మిన తర్వాత తిరిగి తీసుకుంటాం. పంట ఎవరికి అమ్మాలో షరతు పెట్టం. పంట పోతే దివ్య ఖుర్ఆన్ ఆదేశించినట్టు గడువు ఇస్తాం. పై మూడు పనులూ ఈ నాలుగో పని లేకపోతే సగమే. తెలిసిన ధరకు అమ్ముకునే స్వేచ్ఛ దీనివల్లే వస్తుంది.

డబ్బు విషయంలో స్పష్టత ఉండాలి. బోర్డులకు, వేతనాలకు జకాత్ సొమ్ము వాడం. అవి సదఖా, సాధారణ విరాళాల నుంచే నడుస్తాయి. ఖర్జె హసన్ నిధి ఖాతా విడిగా ఉంటుంది. అప్పుల్లో మునిగిన పేదవారు జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాల్లో ఉన్నారు. ఆ కోవలో వచ్చే కుటుంబాల విషయంలో ఉలమాల సలహా తీసుకున్నాకే జకాత్ ఖర్చు చేస్తాం. వచ్చే ఏడాది సంచికలో ఎంత ఇచ్చాం, ఎంత తిరిగి వచ్చింది, ఎంత రాలేదు అన్నీ రాస్తాం. రానిదాన్ని దాచం. ధర దాచకూడదని చెప్పేవాళ్ళం మన లెక్క దాచకూడదు కదా.

రేషన్ కిట్లు ఆపేస్తామని ఎవరూ అనుకోవద్దు. ఆకలికి వాయిదా లేదు. కానీ ప్రతి ఏడాది అదే వరుస, అవే ముఖాలు, ఇంకొంచెం పొడుగవుతున్న వరుస మనకు సంతోషం కాకూడదు. ఆ తల్లి మళ్ళీ పుదీనా వేసింది. ఈసారి కోత ముందు ఆమె మమ్మల్ని అడగాల్సిన పని ఉండకూడదు. ఆమె ఇంటికి వెళ్ళే దారిలో బోర్డు మీదే ధర కనిపించాలి. ఆ ధరకు తన ఇష్టమైన చోట అమ్ముకోగలగాలి. వచ్చే రమజాన్‌కు ఆమె మన వరుసలోకి రాకుండా, తన చేతులతో ఇంకొకరికి ఫిత్రా ఇచ్చేలా అల్లాహ్ చేయాలని మా దుఆ.

అందుకు మీ చేయూత కావాలి. మీ సంపాదనలో, మీ పంటలో, మీ వ్యాపారంలో అల్లాహ్ బరకత్ ప్రసాదించుగాక. ఆమీన్.

వ ఆఖిరు దఅవానా అనిల్ హమ్దు లిల్లాహి రబ్బిల్ ఆలమీన్.